బేస్ గిటార్ మందపు తీగ తేటగా పలకాలంటే

బేస్ గిటార్‌లో సన్నని తీగలు చక్కగా పలుకుతాయి. మందపు ఇ తీగ దగ్గరికి వచ్చేసరికి స్వరం కరిగిపోయి గుమ్మనే మోత మిగులుతుంది. అప్పుడు చాలామంది ముందుగా చేసే పని ఆంప్ (యాంప్లిఫయర్) మీద బేస్ నాబ్ పెంచడం. దానితో మోత పెరుగుతుందే గాని, ఏ స్వరం వాయించారో ఇంకా తెలియకుండా పోతుంది.

ఇ తీగను ఏ ఫ్రెట్టూ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) నొక్కకుండా మీటితే వచ్చే ప్రాథమిక స్వరం సుమారు 41 హెర్ట్జ్. అయిదు తీగల బేస్‌లోని బి తీగ అయితే 31 హెర్ట్జ్. అంత కింది స్వరాలను పోల్చుకోవడంలో మన చెవి బలహీనం. ఇ తీగ ప్రాథమిక స్వరం మీద మోగే 82, 124, 165 హెర్ట్జ్‌ల అనుస్వరాలను (ఓవర్‌టోన్లను) విని, అది ఏ స్వరమో గుర్తుపడుతుంది. ఫోను స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలికించలేకపోయినా పాటలోని బేస్ మనకు అర్థమవుతున్నది అందుకే. కాబట్టి తేటదనం కావాలంటే అనుస్వరాలను కాపాడుకోవాలి. ఆ పని తీగ దగ్గర మొదలుపెట్టి, ఆంప్ దగ్గర ముగించాలి.

1. తీగ వయసు చూడండి

మందపు తీగ పైన చుట్టిన సన్నని లోహపు తీగ చుట్ల సందుల్లో చెమట, చర్మపు జిడ్డు, దుమ్ము చేరతాయి. ఆ మురికి పై అనుస్వరాలను అణచివేస్తుంది. తీగ కింది భాగాన్ని వేలితో తడిమి చూడండి. ఫ్రెట్లు తగిలేచోట చిన్న గుంటలు తెలిస్తే ఆ తీగ పని అయిపోయినట్లే. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) ఎంత సర్దినా 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి కుదరకపోయినా అదే అనుమానించాలి.

కొత్త సెట్టు ఖరీదు తక్కువేమీ కాదు. పాత తీగలను విప్పి, మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టి ఎక్కిస్తే కొంతకాలం మళ్లీ మోగుతాయి. వాయించడం అయిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగ కింది వైపు కూడా తుడవండి. విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఉప్పు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. అక్కడివారికి ఈ అలవాటు మరీ అవసరం.

మెరుపు కావాలంటే రౌండ్‌వౌండ్ (గుండ్రని తీగ చుట్టిన) తీగలు, అందులోనూ స్టీలువి ఎంచుకోండి. అమెరికాలోని మోటౌన్ సంస్థ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పాతబడిన ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీ చుట్టిన) తీగలనే ఇష్టపడ్డారు. ఆ గుండ్రని నాదం అద్భుతమైనదే. అయితే అది వేరే అందం.

2. తీగను సరిగా ఎక్కించండి

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ మెట్టే. కొత్త తీగ వేసినా మొద్దుగా పలుకుతోందంటే తప్పు సాధారణంగా ఎక్కించడంలోనే ఉంటుంది.

తీగను బ్రిడ్జ్‌లో (తీగల కింది కొస ఆనే చోటు) దూర్చి, ట్యూనింగ్ పోస్ట్ (తీగను చుట్టే గుంజ) దాకా లాగండి. పోస్ట్ దాటాక నాలుగైదు అంగుళాలు వదిలి, అక్కడ తీగను లంబకోణంలో వంచండి. వంపు అవతలే కత్తిరించాలి. వంచకుండా కత్తిరిస్తే కొన్ని రకాల తీగల్లో పై చుట్టు లోపలి తీగ మీద జారి వదులవుతుంది. ఇక ఆ తీగ ఎప్పటికీ సరిగా మోగదు. కొసను పోస్ట్ మధ్య రంధ్రంలోకి అడుగు దాకా దింపి, చుట్లు పై నుంచి కిందికి ఒకదాని కింద ఒకటి పడేలా చూడండి. రెండు మూడు చుట్లు చాలు.

చుట్టేటప్పుడు తీగ మెలిపడకూడదు. మందపు తీగ మెలిపడితే మోత గిలగిల్లాడుతుంది, తొందరగా ఆగిపోతుంది. అనుమానం ఉంటే తీగను సడలించి, కొసను పోస్ట్ నుంచి బయటికి తీసి వదలండి. మెలిక ఉంటే తీగ దానంతటదే తిరిగి విప్పుకొంటుంది. అప్పుడు మళ్లీ దూర్చండి.

శ్రుతి చేశాక ఇంకొక పని ఉంది. మందపు తీగ బిరుసుగా ఉండటంతో శాడిల్ మీద సూటిగా వంగక, విల్లులా కొద్దిగా లేస్తుంది. అప్పుడు తీగ ఎక్కడి నుంచి కంపించాలో ఆ చోటు స్థిరంగా ఉండదు. శాడిల్‌కు ఆనుకుని ముందువైపు బొటనవేలితో తీగను మెల్లగా కిందికి నొక్కండి. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర కూడా అలాగే చేసి, శ్రుతి మళ్లీ సరిచూసుకోండి. క్షణంలో అయిపోయే ఈ పనితో ఇ తీగ గొంతు విప్పుకోవడం మీ చెవికే తెలుస్తుంది.

3. ఎత్తులు సరిచూడండి

మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కి పట్టి, ఏడెనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడండి. సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. సందు ఎక్కువో తక్కువో అయితే నెక్ (గిటార్ మెడ) వంపును సర్దే ట్రస్ రాడ్‌ను తిప్పాలి, కాని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకండి. అది బిగుసుకుపోయి ఉంటే మరమ్మతు తెలిసినవారికి ఇవ్వండి. 12వ ఫ్రెట్ మీద ఇ తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, వాయించి చూసి సర్దుకోండి.

పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) తీగకు దగ్గరగా ఉంటే మంచిదనుకుంటారు గాని, అయస్కాంతం మందపు తీగను గట్టిగా లాగి దాని కంపనాన్ని చెడగొడుతుంది. ఒకే స్వరంలో రెండు శ్రుతులు వణుకుతున్నట్లు వినిపిస్తే కారణం ఇదే కావచ్చు. ఇ తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, కింద సుమారు 3 మిల్లీమీటర్ల సందు ఉండేలా పికప్ మరలను తిప్పండి. సన్నని తీగల వైపు ఇంకొంచెం ఎత్తుగా ఉండవచ్చు.

4. చేతిని సరిదిద్దుకోండి

నెక్ దగ్గర మీటితే నాదం మెత్తగా, బ్రిడ్జ్ వైపు జరిగితే తేటగా ఉంటుంది. రెండు అంగుళాలు జరిగినా తేడా స్పష్టం. గట్టిగా మీటితే తీగ సాగి, స్వరం మొదట్లో శ్రుతికి పైన పలికి తర్వాత కిందికి దిగుతుంది. మృదువుగా మీటి, శబ్దాన్ని ఆంప్‌లో పెంచుకోండి. ఎడమ చేతి వేలు ఫ్రెట్‌ను ఆనుకుని వెనక ఉండాలి.

ఇ తీగ మోగుతుంటే పక్క తీగలూ వాటంతట అవే కంపిస్తాయి. వాయించని తీగల మీద ఎడమ చేతి వేళ్లను తేలికగా ఆనించండి. సన్నని తీగలకు మారినప్పుడు కుడి బొటనవేలిని ఇ తీగ మీద పెట్టండి. మసకగా వినిపించే బేస్‌లో చాలా భాగం ఇలా ఆపకుండా వదిలేసిన మోతే.

5. చివరగా ఆంప్

నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య కొద్దిగా తగ్గిస్తే బురద తేరుకుంటుంది. 700 నుంచి 1,000 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచితే స్వరం ముందుకు వస్తుంది. హై పాస్ ఫిల్టర్ (మరీ కింది ధ్వనులను తగ్గించేది) ఉంటే 30 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఆంప్ గది మూలలో ఉంటే కింది స్వరాలు ఉబ్బిపోతాయి కాబట్టి ముందుకు జరపండి. మీది యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచేది) అయి, నాదం ఒక్కసారిగా చెడితే 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి.

ఈ సర్దుబాటును ఒంటరిగా కాక, బృందంతో కలిసి వాయిస్తూ చేయండి. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి బృందాల్లో కీబోర్డు వాయించేవారి ఎడమ చేయి తరచుగా మీ స్వరాల మీదే ఉంటుంది. ఆ చేతిని ఒక స్థాయి పైకి జరపమని రిహార్సల్‌లోనే అడగండి.