ఐరిష్ స్టెప్ డాన్స్ మొదలుపెట్టేవాళ్లు ముందు త్రీస్, సెవెన్స్ పట్టుకోండి

1994లో డబ్లిన్‌లో యూరోవిజన్ పాటల పోటీ జరిగినప్పుడు విరామంలో ఏడు నిమిషాల పాటు రివర్‌డాన్స్ అనే ఐరిష్ నృత్య ప్రదర్శన వేశారు. ఆ వీడియో చూసి ఐరిష్ డాన్స్ మీద మనసు పారేసుకున్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. అందరూ ఒకే వరసలో నిలబడి టకటకమని నేల అదరగొడుతుంటే ఎవరికైనా మొదట ఆ చప్పుడే కావాలనిపిస్తుంది, వెంటనే హార్డ్ షూలు వెతుకుతాం. ఇప్పుడే కొనకండి. అవి బరువుగా ఉంటాయి, కాలు ఎక్కడ పడాలో ఒంటికి తెలియకముందే వేసుకుంటే తప్పులన్నీ అలవాటైపోతాయి. ఐర్లండ్‌లో పిల్లలు కూడా సాఫ్ట్ షూతోనే మొదలుపెడతారు. గిల్లీస్ అంటారు, లేసులతో పాదానికి అతుక్కుపోయే మెత్తటి తోలు చెప్పులవి. మొదటి కొన్ని వారాలు అవి కూడా లేకపోయినా పర్వాలేదు, పాదం బాగా వంగే పలచటి షూ ఏదైనా సరిపోతుంది. ఉత్త సాక్సులతో మాత్రం వద్దు, జారి పడతారు. కాంక్రీటు మీద, టైల్స్ మీద గెంతకండి, చెక్క నేల దొరికితే అదే మంచిది.

ముందు నిలబడటం నేర్చుకోవాలి. దీనికి వారం రోజులు పట్టినా తొందరపడొద్దు. కుడికాలు ముందు, ఎడమకాలు వెనక, రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి, మోకాళ్లు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నట్టు. పాదాలు బయటికి తిరగాలి, కానీ పాదాన్ని మెలిపెట్టి కాదు, తుంటి దగ్గర నుంచే కాలు మొత్తం తిరగాలి, లేకపోతే మోకాలు పాడవుతుంది. మడమలు లేపి, వేళ్ల కింది మెత్తటి భాగం మీద బరువు ఉంచండి. చేతులు పక్కలకు నిటారుగా, పిడికిళ్లు వదులుగా, చూపు ఎదురుగా. చేతులు కదలకూడదని బిగబట్టేస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి, చూసేవాళ్లకు టెన్షన్ తప్ప ఇంకేమీ కనిపించదు. నాకు పనికొచ్చిన చిట్కా ఒకటే: ఊపిరి వదిలేసి, భుజాలు కిందికి జార్చి, అప్పుడు మొదలుపెట్టండి. (ఐర్లండ్‌లోనే కానెమారా వైపు షాన్ నోస్ అనే పాత పద్ధతి ఉంది, అందులో చేతులు స్వేచ్ఛగా ఊగుతాయి. కాబట్టి చేతులు కదపకపోవడం ఐరిష్ డాన్స్ మొత్తానికి నియమం కాదు, మనం నేర్చుకుంటున్న ఈ పద్ధతికి మాత్రమే.)

ఇక త్రీస్. రీల్ అనే ఐరిష్ బాణీకి వేసే డాన్స్‌లో సగం ఇదే. బరువు ఎడమకాలి మీద ఉంచి, కుడికాలు ముందుకు చాచి, ఎడమకాలితో చిన్న గెంతు వేయండి, దాన్ని హాప్ అంటారు. తర్వాత కుడికాలు కింద పెట్టండి, ఒకటి. ఎడమకాలు దాని వెనకకి తెచ్చి పెట్టండి, రెండు. మళ్లీ కుడికాలు, మూడు. ఇప్పుడు బరువు కుడికాలి మీద ఉంటుంది, ఎడమకాలు ఖాళీ, దాన్ని ముందుకు తెచ్చి అదంతా అటువైపు నుంచి చేయాలి. నోటితో "హాప్, ఒకటి రెండు మూడు" అని గట్టిగా చెబుతూ చేయండి, నోరు ఆగితే కాలు తడబడుతుంది. అందరూ చేసే తప్పు ఏంటంటే, రెండో అడుగులో వెనక కాలు దగ్గరికి రాకుండా దూరంగానే పడిపోతుంది, అప్పుడది నడకలా కనిపిస్తుంది కానీ డాన్స్‌లా ఉండదు.

సెవెన్స్ అంటే పక్కకి వెళ్లే ఏడు అడుగులు. కుడివైపు వెళ్లేటప్పుడు కుడికాలు ఎప్పుడూ ముందే, ఎడమకాలు ఎప్పుడూ వెనకే. కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ ఏడో అడుగు కుడికాలితో ముగుస్తుంది. వెంటనే అక్కడే నిలబడి రెండు త్రీస్: ఎడమకాలు వెనకకి వేసి ఎడమ కుడి ఎడమ, తర్వాత కుడికాలు వెనకకి వేసి కుడి ఎడమ కుడి. ఇప్పుడు ఎడమకాలు ఖాళీగా ఉంది కదా, ఎడమవైపు సెవెన్స్ దానంతట అదే మొదలవుతుంది. ఈ లెక్క అర్థమైన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, అప్పటిదాకా ఏ కాలు ఎప్పుడన్నది బట్టీ పట్టేదాన్ని. సెవెన్స్, రెండు త్రీస్ కలిపి సంగీతంలో నాలుగు బార్లు (బార్ అంటే తాళం ఒక చుట్టు), రెండు వైపులా చేస్తే ఎనిమిది. కేలీల్లో, అంటే జనం కలిసి ఆడే సామూహిక నృత్యాల్లో కూడా ఇవే అడుగులు వస్తాయి, కాబట్టి ఇది నేర్చుకుంటే ఆ గుంపులోకి వెళ్లగలరు.

రీల్ లయ నాలుగు లెక్క. జిగ్ అనే ఇంకో బాణీలో లయ మూడు మూడుగా ఊగుతుంది, అందులో మొదటిది రైజింగ్ స్టెప్: "హాప్, హాప్ బ్యాక్, హాప్ బ్యాక్ రెండు మూడు నాలుగు". కుడికాలు ముందుకు లేపి ఎడమ మీద హాప్, మళ్లీ హాప్ చేస్తూ కుడికాలు వెనకకి తెచ్చి పెట్టాలి. తర్వాత కుడి మీద హాప్, ఎడమకాలు వెనకకి, ఆపైన అక్కడికక్కడే కుడి, ఎడమ, కుడి. త్రీస్ రాకముందు దీని జోలికి వెళ్లకండి.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు. మొదట పాట లేకుండా, తర్వాత వేగం తగ్గించిన రీల్‌తో. ముందు పిక్కలు వేడెక్కేలా మడమలు ఇరవై సార్లు లేపి దించండి, మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి, ఓర్చుకుంటూ చేయడం మంచిది కాదు. ఇంకో మాట, ఐరిష్ స్టెప్ ఏదైనా కుడికాలితో చేసిందంతా ఎడమకాలితో మళ్లీ చేయాలి. ఓపిక అయిపోయాక ఎడమవైపు సాధన చేస్తే అది ఎప్పటికీ వెనకబడే ఉంటుంది, అందుకే నేను ఇప్పటికీ రోజూ ఎడమకాలితోనే మొదలుపెడతాను.