ఆర్కేడ్ డబ్బా చేసి అమ్మాలనుకుంటున్నారా? ముందు అట్టతో చెయ్యండి

ఆర్కేడ్ డబ్బా అంటే తెర, జాయ్‌స్టిక్, బటన్లు ఉన్న పాతకాలం వీడియో గేమ్ పెట్టె. దానికోసం అప్పుడే చెక్క కొనకండి. ఒక పాత అట్టపెట్టె కోసి పక్క పలకలు చేసుకోండి. ముందు వైపు జాయ్‌స్టిక్, బటన్లు కూర్చునే కంట్రోల్ ప్యానెల్ కూడా అట్టతోనే అతికించి, టేబుల్ మీద పెట్టి దాని ముందు కూర్చోండి. లేని జాయ్‌స్టిక్‌ని పట్టుకుని పది నిమిషాలు ఆడినట్టు నటించండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మణికట్టు అంచుకి ఒరుసుకుంటోందా, మెడ మరీ వంగుతోందా అన్నది అక్కడే తేలిపోతుంది. నేను ఇప్పటిదాకా పద్నాలుగు డబ్బాలు అమ్మాను. వాటిలో మూడు తిరిగొచ్చాయి. బొమ్మ బాగాలేదని ఒక్కటీ రాలేదు, మూడూ చేతికి కుదరకే వచ్చాయి.

తెర సంగతి తొందరగా చెప్పేస్తాను. స్పేస్ ఇన్వేడర్స్ (1978), ప్యాక్‌మ్యాన్ (1980), గాలాగా (1981) నిలువు తెర మీద పుట్టిన ఆటలు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 అడ్డం తెరది, పైగా మనిషికి ఆరు బటన్లు కావాలి. రెండు రకాలకీ సర్దుకునేది పాత 19 అంగుళాల మానిటర్, 1280×1024ది. కనిపించే భాగం సుమారు 376 × 301 మి.మీ. ఉంటుంది. వెనక బిగించడానికి వేసా రంధ్రాలు (నాలుగు స్క్రూ రంధ్రాలు) ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. నిలువు ఆటల కోసమే చేస్తుంటే మాత్రం ఏ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం తెర వెతకండి. టీఎన్ రకం తెరని నిలువుగా తిప్పి బిగిస్తే ఎడమ కంటికి ఒక రంగు, కుడి కంటికి ఇంకో రంగు కనిపిస్తుంది. తెరని నేను 20 డిగ్రీలు వెనక్కి వాలుస్తాను.

అసలు పనంతా కంట్రోల్ ప్యానెల్ దగ్గరే. నా మొదటి డబ్బాకి గట్టిగా ఉంటుందని 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) వాడాను. జపాన్ తరహా జాయ్‌స్టిక్‌ని అడుగు నుంచి బిగిస్తే, ఆ మందమంతా కడ్డీ ఎత్తులోంచే పోయింది. కడ్డీ కొసనున్న బంతి ప్యానెల్‌కి బాగా దగ్గరగా దిగిపోయి, తిప్పినప్పుడల్లా వేళ్లు చెక్కకి తగిలేవి. ఇప్పుడు 12 మి.మీ. పలక తీసుకుని, జాయ్‌స్టిక్ కూర్చునే చోట అడుగు వైపు రౌటర్‌తో (చెక్కని తొలిచే మిషన్) గుంత తీసి 6 మి.మీ. మాత్రమే మిగులుస్తున్నాను. లోతంతా ఒకేసారి దించకండి, మూడు విడతల్లో దించండి. బోల్టుల తలలు పై నుంచి పలకలోకి దిగిపోవాలి. స్టిక్కర్ ఆ తర్వాతే అతికించాలి.

బటన్ రంధ్రాలకి ఫోర్స్‌నర్ బిట్ (మధ్యలో ముల్లుండి, గుండ్రంగా పెద్ద రంధ్రం చేసే డ్రిల్ బిట్) మంచిది. జపాన్ తరహా బటన్లకి 30 మి.మీ., అమెరికా తరహావాటికి 28.6. కొన్న బటన్ చేతికి వచ్చి, కొలిచి చూసుకున్నాకే రంధ్రం వెయ్యండి. బిట్ ముల్లు అవతలి వైపు సూదిమొనంత కనిపించగానే ఆపి, పలక తిరగేసి, ఆ చుక్క మీద ముల్లు పెట్టి మిగతాది పూర్తి చెయ్యండి. అలా చేస్తే అంచు చెదరదు. ఒకే వైపు నుంచి తోసేస్తే అడుగున పొర పెచ్చులుగా లేచిపోతుంది. క్లిప్పుతో నొక్కి బిగించే బటన్లు సన్నటి రేకు కోసం చేసినవి. చెక్కకి మర ఉన్నవి తీసుకోండి. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఎమ్‌డీఎఫ్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. కోసిన అంచులు రంగుని ఎంతైనా తాగేస్తాయి. ముందు నీళ్లు కలిపిన చెక్క జిగురు పూసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దండి.

నాలుగో డబ్బా కొన్నాయన ఫోన్ చేశాడు: "అన్నా, ప్యాక్‌మ్యాన్ మలుపు తిరగనంటున్నాడు." రెండు రోజులు వైర్లు చూడమన్నాను, సెట్టింగులు మార్చమన్నాను. తప్పు వాటిలో లేదు. ఎనిమిది దిక్కుల జాయ్‌స్టిక్‌ని మూలకి తోస్తే రెండు స్విచ్చులు ఒకేసారి నొక్కుకుంటాయి. ఆటేమో నాలుగు దిక్కులదే, రెండిట్లో దేన్ని తీసుకుంటుందో మన చేతిలో ఉండదు. జాయ్‌స్టిక్ అడుగున కడ్డీ కదలికని అదుపు చేసే ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది, గేట్ అంటారు. చాలా రకాల్లో దాన్ని విప్పి 45 డిగ్రీలు తిప్పి పెడితే నాలుగు దిక్కులకే కదులుతుంది. ఐదు నిమిషాల పని. అప్పటినుంచి ఏ ఆటలు ఎక్కువ ఆడతారని ముందే అడుగుతున్నాను.

లోపల రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్. బటన్లన్నీ ఒక యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డుకి వెళ్తాయి, ఏ బటన్ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పేది అదే. స్పీకర్ల యాంప్లిఫయర్‌కి రాస్‌బెర్రీ పై బోర్డు నుంచే కరెంటు లాగితే తుమ్మెద రొదలాంటి శబ్దం రావచ్చు. నా రెండో డబ్బాలో అదే జరిగింది. దానికి వేరే అడాప్టర్ పెట్టాక రొద పోయింది. ఇంకోటి, ఆట అయ్యాక జనం ప్లగ్ పీకేస్తారు, చెప్పినా పీకేస్తారు. మెమరీ కార్డులో ఫైళ్లు పాడయ్యేది అందుకే. బోర్డు మీది పిన్నుల్లో జీపీఐఓ 3కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక బటన్ పెట్టి, సెట్టింగుల ఫైల్లో షట్‌డౌన్ ఓవర్‌లే అన్నది ఆన్ చేస్తే, అదే బటన్‌తో ఆపొచ్చు, మళ్లీ లేపొచ్చు.

అమ్మకానికొస్తే, పదివేల ఆటలతో అని రాసి అమ్మేవాళ్లని చూసి మీరూ దిగకండి. పాత ఆటలని మామూలు కంప్యూటర్ మీద ఆడించే సాఫ్ట్‌వేర్‌ని ఎమ్యులేటర్ అంటారు. మేమ్ అనే ఎమ్యులేటర్ 2016 నుంచి ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకోగల సాఫ్ట్‌వేర్) అయిన మాట నిజమే, కానీ ఎమ్యులేటర్ వేరు, ఆట వేరు. ఆటల హక్కులు కంపెనీలవి. స్నెస్9ఎక్స్ లాంటి ఎమ్యులేటర్లయితే వ్యాపారానికి వాడొద్దని లైసెన్సులోనే రాసుకున్నాయి. ఎమ్యులేటర్లన్నీ ఒకచోట చేర్చిచ్చే రెట్రోపై వాళ్లు కూడా తమది పెట్టి అమ్మొద్దంటారు. నేను ఆటలు వెయ్యకుండా డబ్బానే అమ్ముతాను, ఆటల సంగతి కొన్నవాళ్లే చూసుకుంటారు. పైన వెలిగే బోర్డు మీద ప్యాక్‌మ్యాన్ బొమ్మ వేసినా అదే తలనొప్పి. సొంత బొమ్మ గీయించుకోండి, లేదా కొన్నాయన పేరు వెయ్యండి. పేరు వేస్తే తెగ మురిసిపోతారు కూడా.

ధర కట్టేటప్పుడు అందరం మర్చిపోయేది మన గంటలు. నా మొదటిదానికి 41 గంటలు పట్టింది, ఇప్పుడు 16. సామాన్లు, గంటలు, పాడైన పలకలు, పెట్టెకి పట్టే అట్ట, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాకే ధర చెప్పండి. తక్కువకి అడిగేవాళ్ల కోసం బటన్ల నాణ్యత తగ్గించకండి. కావాలంటే ఒకరు ఆడే చిన్నది చేసివ్వండి.

ప్యాకింగ్‌లో జాయ్‌స్టిక్ బంతులు విప్పి విడిగా సంచిలో వెయ్యండి, బిగించి పంపితే దెబ్బంతా కడ్డీ మీదే పడుతుంది. తెర ముందు మందపాటి ఫోమ్ పెట్టి, పెట్టెలో పెట్టె వెయ్యండి. 12 మి.మీ. ఎమ్‌డీఎఫ్ చదరపు మీటరుకి సుమారు 9 కిలోలు తూగుతుంది కాబట్టి రవాణా ఖర్చు ముందే కనుక్కోండి. వెనక తలుపు లోపలి వైపు ఒక అదనపు బటన్, బటన్ల లోపల ఉండే చిన్న స్విచ్చులు (మైక్రోస్విచ్‌లు) రెండు, ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తుందో చేత్తో గీసిన కాగితం టేపుతో అతికిస్తాను. పోయిన నెల ఒకాయన ఆ కాగితం చూసి తనే స్విచ్ మార్చుకుని, అయిపోయాక ఫోటో పంపాడు.