వికీపీడియా వ్యాసాన్ని మూలం దాకా చదవడం

నల్లగొండ జిల్లా జనాభాను వికీపీడియాలో వెతికితే ఒకచోట సుమారు 34.9 లక్షలని, మరోచోట 16.2 లక్షలని కనిపించవచ్చు. రెండూ 2011 జనగణన అంకెలే. మొదటిది ఉమ్మడి జిల్లాది, రెండోది 2016 అక్టోబరు 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాక మిగిలిన జిల్లాది. కాబట్టి ఏ అంకెనైనా రాసుకునే ముందు అది ఏ ఏటిదో, ఏ హద్దులకు వర్తిస్తుందో చూడాలి. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే అక్కడ 2019లో నారాయణపేట కూడా వేరు జిల్లా అయింది.

తరువాత వాక్యం చివరనున్న చిన్న అంకెను నొక్కి మూలాన్ని తెరవాలి. తెరవడంతో సరిపెట్టక, వ్యాసం చెప్పిన మాట అందులో నిజంగా ఉన్నదా అని చదవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న మాటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మూలమైతే దాన్ని స్వీకరించవచ్చు. వికీపీడియా నుంచే ఎత్తిరాసిన వార్త మూలమైతే మాత్రం అది ఆధారం కాదు, అదే మాట రెండోసారి వినిపించడమే. ఫ్లోరైడ్ నీటివల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన నల్లగొండ జిల్లాలో ఈ తేడా చిన్నది కాదు.

వ్యాసానికి అనుబంధంగా ఉండే ‘చరిత్ర’ పేజీలో దానికి జరిగిన మార్పులు, ‘చర్చ’ పేజీలో అభ్యంతరాలు కనిపిస్తాయి. నల్లగొండ దగ్గరి పానగల్లు ఆలయాల వంటి వాటి కాలనిర్ణయానికి మాత్రం పురావస్తు శాఖ ప్రచురించిన నల్లగొండ జిల్లా శాసన సంపుటాలను గ్రంథాలయంలో అడిగి, శాసన పాఠాన్నే చదవడం మేలు.