కనకాంబరం విత్తనంతో: కాయ ఏరడం నుంచి నారు నాటడం దాకా

ముందు మీ పెరట్లో ఉన్నది ఏ కనకాంబరమో చూసుకోండి. నర్సరీల్లో ఎక్కువగా దొరికే ఢిల్లీ రకం, వెడల్పు రేకులతో నారింజ రంగులో పూసేది, విత్తనం కట్టదు. దానిలో క్రోమోజోములు మూడు వరసలుంటాయి కాబట్టి గింజ నిలవదు. ఎన్ని కంకులు వదిలినా తాలే మిగులుతుంది. దాన్ని కొమ్మ ముక్కలతోనే పెంచుకోవాలి. విత్తనానికి పనికొచ్చేవి మన ఊళ్లలో పాతకాలం నుంచి ఉన్న నాటు రకాలు.

పూలన్నీ కోసుకుంటూ విత్తనమూ కావాలంటే కుదరదు. తెగులు లేకుండా, పొడవైన కంకులు వేసే రెండు మూడు మొక్కల్ని ఎంచుకొని వాటి పూలు ముట్టుకోకండి. కంకి కింది నుంచి పైకి పూస్తుంది, కాయలూ ఆ వరసలోనే ముదురుతాయి. ఇక్కడే చాలామందికి విత్తనం చేజారిపోతుంది. గోధుమరంగుకు తిరిగిన కాయకు తడి తగిలిందా, టప్పున పగిలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. అందుకు తెల్లవారి మంచు చాలు, చిన్న జల్లు చాలు. కాబట్టి కింది సగం కాయలు గోధుమరంగు పట్టగానే, మంచు పూర్తిగా ఆరిన పొద్దెక్కిన వేళ కంకిని కాడతో సహా కత్తిరించి కాగితం సంచిలో వేయండి. ప్లాస్టిక్ కవరు వద్దు. లోపల చెమ్మ చేరి కాయలు అక్కడే పగిలి గింజ బూజు పడుతుంది.

కాయల్ని నీడలో ఆరబెట్టి, విత్తే రోజు వరకు పగలకొట్టకుండా అలాగే ఉంచడం మంచిది. ఆ రోజు లోతైన గిన్నెలో వేసి, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, పైన పల్చటి గుడ్డ కట్టండి. కాసేపటికి చిటపటమని పగులుతాయి. కాయకు నాలుగు గింజల వరకు వస్తాయి. గింజ మీది పొలుసులు తడిస్తే జిగురు పట్టి ఒకదానికొకటి అంటుకుంటాయి, అందుకే నీళ్లు ఎక్కువ పోయకూడదు. గింజల్ని పొడి ఇసకలో కలిపి చల్లితే విడివిడిగా పడతాయి. ఆ ఏటి గింజనే వాడండి. నిలవ పెరిగేకొద్దీ మొలక శాతం పడిపోతుంది.

మడి పని మాత్రం ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి. కనకాంబరానికి అసలు శత్రువు నులిపురుగు, అంటే నేలలో ఉండి వేళ్లను పట్టే, కంటికి కనబడనంత చిన్న పురుగు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇసక నేలల్లో దానికి తిరుగుడు మరీ సులువు. మడిని తవ్వి, నీళ్లు పెట్టి, పల్చటి, అవతలి వైపు కనబడే పాలిథిన్ షీటు నేలకు ఆనేలా పరిచి, అంచులు మట్టితో కప్పేసి, ఏప్రిల్, మే ఎండల్లో నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు వేస్తే ఎండ లోపలికి దిగక షీటే వేడెక్కుతుంది, మట్టికి అంత వేడి అందదు. కిందటిసారి వంగ, టమాటా, కనకాంబరం పెట్టిన చోటు వదిలేయడం ఇంకా మేలు.

మడి మీటరు వెడల్పు, జానెడు ఎత్తు ఉంటే చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) ఒక పాలు, ఏటి ఇసక ఒక పాలు. కవిటి, సోంపేట వైపు ఇసక బదులు కొబ్బరి పీచు పొట్టు వాడొచ్చు, కానీ రెండు మూడుసార్లు కడిగాకే. కడగని పొట్టులోని ఉప్పు లేత వేరును మాడుస్తుంది. పది కిలోల గత్తానికి కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు కలిగించే బూజును అణిచే మేలుచేసే శిలీంధ్రం) పొడి కలిపి, తడి గోనె కప్పి రెండు వారాలు నీడలో ఉంచి మడికి చల్లితే ఎండు తెగులుకు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది.

జూన్ నెలాఖరులో, తొలకరి పడ్డాక నారు పోయండి. నాలుగు వేళ్ల ఎడంతో గీతలు గీసి, ఇసక కలిపిన గింజను పల్చగా చల్లి, పైన అర సెంటీమీటరుకు మించకుండా ఇసక కప్పండి. మందంగా మట్టి కప్పితే మొలక పైకి రాలేదు. పైన వరిగడ్డి పరిచి, రోజ్ డబ్బాతో పొద్దుటిపూటే నీళ్లు పోయండి. రెండు వారాలకు మొలకలు కనబడతాయి, కొన్నింటికి నెల పడుతుంది. మొలవలేదని తొందరపడి మడిని తిరగేయకండి. మొలకలు కనబడగానే గడ్డి తీసేయాలి, లేకపోతే పాలిపోయి సాగుతాయి.

మొలకలు నేల దగ్గర మెత్తబడి పడిపోతుంటే అది నారుకుళ్లు. ఒత్తుగా చల్లడం, సాయంత్రాలు నీళ్లు పోయడం దీనికి కారణాలు. పడినవాటిని తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. జోరువానకు మడి మీద తాటాకు పందిరి తప్పదు.

రెండు నెలలకు, అంటే ఆగస్టు చివరికి, నారు ఆరేడు ఆకులతో నాటుకు వస్తుంది. సెప్టెంబరులోపే నాటేయండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరు రెండో వారంలోనే విరుచుకుపడ్డాయి, అప్పటికి వేరు నేల పట్టి ఉండాలి. బోదెల మీద, సాలుకూ సాలుకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగు ఎడం. వేరు చుట్టూ నీళ్లు నిలిస్తే ఎండు తెగులు పట్టుకుంటుంది. కొబ్బరి తోటలో పల్చటి నీడ పడే చోట కూడా బాగానే వస్తుంది.

నాటాక మొక్క పాలిపోతే వెంటనే యూరియా చల్లకండి. కొత్త ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి పిచికారీ చేయండి. మొక్క మొత్తం గిడసబారితే ఒకదాన్ని పీకి వేళ్లు చూడండి. బుడిపెలో, నల్ల మచ్చలో ఉంటే అది నులిపురుగు పనే. అలాంటి మొక్కల్ని పీకి కాల్చేసి, ఆ చోట ఒక కారు బంతి వేయండి.