వంట మీరే చేసుకోండి అనే ఫామ్‌హౌస్‌లో ఏమేం ఉండాలి?

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డుకి కాస్త లోపలగా మాకు రెండు పడగ్గదుల చిన్న ఇల్లుంది. శనాదివారాలు అద్దెకిద్దామని అనుకున్నప్పుడు సోఫాకీ, గోడమీద పటాలకీ, వరండాలో వేలాడే లైట్లకీ బాగానే తగలేశాం. మొదటి కుటుంబం దిగిన రోజు సాయంత్రం నుంచి రాత్రి పడుకునేలోపు తొమ్మిది ఫోన్లు. లైటర్ ఎక్కడుంది? కత్తెర ఉందా అండీ? మిక్సీకి చిన్న జార్ లేదేంటి? పొద్దున్నే టీ జాలీ కనపడక ఎవరిదో కొత్త చేతిరుమాలు కడిగి, దాంతో టీ వడగట్టుకున్నారట. వాళ్లు వెళ్లాక చూస్తే ఆ రుమాలు వంటగట్టు మీద గోధుమరంగు మరకతో ఆరి బిగుసుకుపోయి ఉంది. లైట్ల గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు.

కాబట్టి ఇందులో హంగుల సంగతి తక్కువ, గరిటెల సంగతి ఎక్కువ.

1. కొనే ముందు ఒక రాత్రి అక్కడ ఉండి రండి

మంచాలు, పొయ్యి, ఫ్రిజ్ వచ్చాక ఇంకేమీ కొనకుండా ఇంటిల్లిపాదీ వెళ్లి ఒక రాత్రి ఉండండి. సాయంత్రం టీ, రాత్రికి అన్నం, పప్పు, ఒక కూర, పొద్దున ఇడ్లీనో దోసెనో అక్కడే చేసుకోండి. ఎవరైనా లేచి "అదెక్కడ?" అన్న ప్రతిసారీ ఆ వస్తువు పేరు కాగితం మీద రాయండి. అదే మీ కొనుగోళ్ల జాబితా. అమ్మనో అత్తగారినో తప్పకుండా వెంట తీసుకెళ్లండి. మా అత్తగారు ఒక్క పూటలో పట్టకారు, పీట, దీపపు కుంది, సూదీదారం, బట్టలారేసే దండెం, ఇంకా చాలా చెప్పారు. వాటిలో మాకు ముందే తట్టింది అగ్గిపెట్టె ఒక్కటే.

ఎంతమందికి కొనాలన్న లెక్కలో ఒక కిటుకు ఉంది. ఫోన్‌లో "ఆరుగురం" అంటే పెద్దవాళ్లు ఆరుగురు అని అర్థం. పిల్లలు, డ్రైవరు, మధ్యాహ్నం భోజనానికి వచ్చిపోయే బావగారు వేరు. ఆరుగురి ఇంటికి పళ్లేలు 12, గ్లాసులు, చెంచాలు 18 చొప్పున ఉంచండి. చెంచాలు ఎలా మాయమవుతాయో ఇప్పటికీ మాకు అంతుపట్టలేదు.

2. వంటగది: ముందు హైదరాబాద్ బేగంబజార్ వెళ్లండి

గాజు, పింగాణీ సెట్ల జోలికి పోవద్దు. బేగంబజార్‌లో స్టీలు, అల్యూమినియం సామాను తూకం మీద దొరుకుతుంది. అక్కడ మందం చూసుకోండి. చేత్తో పట్టుకుంటే బరువు తెలియాలి, అడుగు నొక్కితే సొట్టపడకూడదు. పలుచటి గిన్నె చవకే, కానీ అతిథి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయిన పాలు మొదట మాడేది అందులోనే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు కనీసం ఒక పూట బిర్యానీ వండుతారు. కిలో బియ్యం, కిలో మాంసానికి 8 లీటర్లకు తగ్గని, అడుగు మందంగా ఉన్న డేక్సా కావాలి. మూత బిగువుగా కూర్చోవాలి. పక్కనే ఒక పాత ఇనప పెనం పెట్టి, "దమ్ వేసేటప్పుడు డేక్సా కింద ఇది పెట్టండి" అని చీటీ అంటించండి. మంట నేరుగా తగలదు, అడుగు అంటదు. ఆ చీటీ పెట్టాక మాడిన డేక్సా తోమే పని మా కేర్‌టేకర్‌కి బాగా తగ్గింది.

మిగతావి: 3, 5 లీటర్ల కుక్కర్లు రెండు, వాటికి స్పేర్ గాస్కెట్లు. బాణలి, దోసె పెనం, ఇడ్లీ పాత్ర, మూడు జార్లతో మిక్సీ, పోపుల డబ్బా, అట్లకాడ, చిల్లుల గరిటె, పట్టకారు, టీ జాలీలు రెండు, రెండు చాకులు, తొక్క తీసే పీలర్, కొబ్బరి తురుముకోను కోరాం. నాన్‌స్టిక్ కొనకండి. దాని మీద స్టీలు అట్లకాడ ఆడించని అతిథి నాకింకా తగల్లేదు. ఇనప పెనం మీద ఎవరేం చేసినా మళ్లీ నూనె రాసి దారికి తెచ్చుకోవచ్చు.

మాంసం వండిన గిన్నెలో వండింది తినని వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు అడగడానికి మొహమాటపడి, రెండు రోజులూ పెరుగన్నంతో సరిపెట్టుకుని వెళ్లిపోతారు. ఒక గిన్నె, ఒక బాణలి, ఒక గరిటె, ఒక కుక్కర్, ఒక చాకు, కూరగాయలు కోసుకునే చెక్క ఒకటి విడిగా పై అరలో పెట్టి "శాకాహారానికి మాత్రమే" అని రాయండి. తోమే పీచు కూడా వేరుగా ఉంచండి. దీనికైన ఖర్చు మా సోఫా ఖర్చులో పదోవంతు కూడా లేదు. మళ్లీ మళ్లీ వస్తున్న రెండు కుటుంబాలు దీన్ని చూసే వస్తున్నాయి.

గిన్నెలు కొన్నచోటే పేరు వేయించండి. పెళ్లిళ్లలో చదివింపు సామాను మీద వేస్తారే, అలాగే. చేతిలో చిన్న మిషన్ జుయ్‌మంటుంటే కొట్టు కుర్రాడు రెండు నిమిషాల్లో ఒక గిన్నె పూర్తి చేస్తాడు. అతిథులు ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నెలు, మనవి కలిసిపోతే తేల్చుకోవడం తేలిక. శాకాహారం గిన్నెల మీద ఇంటి పేరుతో పాటు "శా" అని కొట్టించాం. చీటీ ఊడిపోతుంది, ఇది పోదు.

సరుకుల్లో ఉప్పు, పసుపు, కారం, చక్కెర, టీపొడి, నూనె, పోపు దినుసులు, చింతపండు కొద్దికొద్దిగా ఉంచండి. వికారాబాద్ జిల్లా తాండూరు కందిపప్పు మాకు దగ్గరే కాబట్టి పావుకిలో అది కూడా పెడతాం. దాని వల్లే ఒకసారి మాట కూడా పడ్డాం. అది తరవాతి మెట్టులో చెబుతాను.

ఇంకొక్క మాట. మా కేర్‌టేకర్ "గంజు పై అరలో ఉంది, తీసుకోండి" అంటే, విజయవాడ నుంచి వచ్చినావిడ అరలో ఉన్న గిన్నెలన్నీ చూస్తూ గంజి కోసం వెతికింది. అప్పటి నుంచి అరల మీద రెండు పేర్లూ రాశాం: గంజులు, గిన్నెలు; తలెలు, పళ్లేలు; గంటెలు, గరిటెలు.

3. నీళ్లు, గ్యాస్

పప్పు ఉడకలేదని వచ్చిన ఫిర్యాదు ఇది. నాలుగు విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉందట. పప్పు మంచిదే, తప్పు నీళ్లది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే పప్పు మెత్తబడదు. ఇప్పుడు పొయ్యి పక్కన గోడ మీద "పప్పుకి, టీకి క్యాన్ నీళ్లు, కడగడానికి కుళాయి నీళ్లు" అని ఉంటుంది. ఆరుగురికి రోజుకి రెండు 20 లీటర్ల క్యాన్లు, ఎండాకాలం మూడు పెట్టండి. క్యాన్ ఎత్తి వంచక్కర్లేకుండా పంపు ఒకటి కొనండి.

అదే ఉప్పు నీళ్లు షవర్ రంధ్రాల్నీ, కెటిల్ అడుగునీ తెల్లగా పేరుకుని మూసేస్తాయి. నిమ్మఉప్పు వేడినీళ్లలో కలిపి షవర్ తలని రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి పొరలు ఊడి వస్తాయి. గీజర్‌ని మాత్రం ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయించాలి.

ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ అద్దెకిచ్చే చోట పెట్టకూడదు. వ్యాపారానికిచ్చే 19 కిలోల సిలిండర్ కనెక్షన్ తీసుకోండి. రబ్బరు ట్యూబు మీద గడువు అచ్చువేసి ఉంటుంది, అది దాటకముందే మార్చండి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే సిలిండర్ అర కింద గాలి పోయే జాలీ ఉండాలి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, ఆర్పొద్దు, తలుపులు తీసి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయమని రాసిపెట్టండి.

4. పడకలు

ఒక్కో మంచానికి మూడు సెట్ల దుప్పట్లు, గలీబులు: పరుపు మీద ఒకటి, ఉతుకులో ఒకటి, బీరువాలో ఒకటి. వానాకాలంలో రెండు రోజులైనా బట్టలారవు, రెండు సెట్లతో గడవదు. పరుపు మీద నీళ్లు దిగని కవరు, దిండ్లకి జిప్పున్న లోపలి కవరు వేయండి. పిల్లలు పక్క తడుపుతారు, పెద్దలు తలకి నూనె రాసుకుని పడుకుంటారు. రెండూ మామూలే.

తెల్ల దుప్పట్లు కొనమని చాలామంది చెబుతారు. నేనూ అవే కొన్నాను, ఎందుకంటే మరక కనపడితేనే పోగొట్టగలం. ఎక్కువగా పడేది పసుపు మరక. సబ్బు తగలగానే అది ఎర్రగా మారుతుంది. మొదటిసారి చూసి దుప్పటి పాడైపోయిందని దాన్ని తుడుపు గుడ్డ చేసేశాం. తరవాత తెలిసింది. సబ్బులోని క్షారం వల్ల రంగు మారుతుందంతే, ఉతికి ఎర్రటి ఎండలో ఆరేస్తే మరక దానంతటదే వెలిసిపోతుంది. గోరింటాకు మరక అలా పోదు. కింద తెల్లవి పరిచి, పైన రంగుల పోచంపల్లి దుప్పటి కప్పితే గదికి అందం కూడా వస్తుంది, పగలు కూర్చున్నవాళ్ల కాళ్ల దుమ్మూ దాని మీదే ఆగుతుంది.

డిసెంబరు, జనవరిల్లో ఊరి బయట తెల్లవారుజామున చలి నగరంలో కన్నా ఎక్కువ. మనిషికో రగ్గు ఉంచండి. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్, జనవరి 1న మొదలై నెలన్నర ఉంటుంది, అక్కడ రగ్గులు బేరమాడి కొనొచ్చు. చెప్పినదానికన్నా ఎక్కువమంది దిగినప్పుడు కింద పరుచుకోను రెండు మడత పరుపులు, ఒక పెద్ద జంపఖానా కూడా ఉండాలి. వరంగల్ జంపఖానాలైతే దులిపినా ఉతికినా చాలాకాలం నిలుస్తాయి.

5. స్నానాల గది

షవర్ ఎంత ఖరీదైనదైనా బకెట్, చెంబు తప్పనిసరి. పెద్దవాళ్లు కూర్చుని పోసుకునేందుకు జారని పీట, కమోడ్ పక్కన పట్టుకోను గోడకి గట్టి కడ్డీ, తలుపు వెనక నాలుగు కొక్కేలు. తువ్వాళ్లు మందంగా ఉంటే ఆరవు, పలుచటివే కొనండి.

6. కరెంటు, దోమలు

గాలివాన వస్తే ఊరి బయట కరెంటు పోతుంది. మామూలు ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకీ చాలు, ఏసీ, గీజర్, మోటారు దాని మీద నడవవు. ఈ మాట ఇంటికి రాకముందే అతిథులకి చెప్పేస్తే గొడవుండదు. ఏసీ గదిలో కూడా ఫ్యాన్ ఉండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, తడి చేత్తో స్విచ్ వేసినప్పుడు ప్రాణం కాపాడేది అదే. ప్రతి మంచం పక్కన ఫోన్ చార్జింగ్ ప్లగ్గు, ప్రతి గదిలో ఒక టార్చి.

చెరువులకీ తోటలకీ దగ్గరున్న ఇల్లైతే కిటికీలకే కాదు, తలుపులకి కూడా దోమల జాలీ వేయించండి. మాకు కిటికీలన్నిటికీ ఉండేది, వంటింటి వెనక తలుపుకి ఉండేది కాదు. దోమలన్నీ ఆ తలుపు గుండానే వచ్చేవి.

7. ఇంటి బయట

వరండాలో సోఫా వద్దు, రెండు నులక మంచాలు వేయండి. ఫొటోలు దిగేది వాటి మీదే, నిద్రపోయేది వాటి మీదే. చెట్టు కింద తాండూరు రాతి బల్ల వానకి నానదు, ఎవరూ ఎత్తుకుపోరు. బొగ్గుల పొయ్యి ఇంటి గోడకి దూరంగా ఉంచి, పక్కన ఇసుక బకెట్ పెట్టండి. ఎక్కువమంది వచ్చినప్పుడు మోదుగ విస్తర్లు ఒక కట్ట ఉంటే పళ్లేలు తోమే పని తప్పుతుంది.

ఈతకొలను ఉంటే చుట్టూ కంచె, తాళం వేసే గేటు పెట్టించాకే ఇల్లు అద్దెకివ్వండి. ఈ విషయంలో బేరం లేదు. రాత్రిళ్లు చెప్పులు బయట వదిలినవాళ్లు పొద్దున దులిపి వేసుకోవాలని కూడా రాయండి. తేళ్లుంటాయి, అప్పుడప్పుడు పాములూ కనిపిస్తాయి.

8. గోడ మీద ఒక కాగితం, సొరుగులో ఒక డబ్బా

గోడ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో: వైఫై పాస్‌వర్డు, మోటారు స్విచ్ ఎక్కడ, చెత్త ఎక్కడ వేయాలి, కేర్‌టేకర్ నంబరు, అంబులెన్స్ 108, పోలీసు 112, కరెంటు ఫిర్యాదు 1912, రాత్రంతా తెరిచుండే దగ్గరి ఆసుపత్రి పేరు, అక్కడికి దారి.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్ల సైట్‌లో ఇవ్వాలి. సెలవులకి అమెరికా నుంచి వచ్చిన మన తెలుగు పిల్లాడే అయినా, పాస్‌పోర్టు అక్కడిదైతే అదే లెక్క.

సొరుగులో డబ్బా: కత్తెర, లైటర్ రెండు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, సూదీదారం, పిన్నీసులు, టేపు, సీసా మూత తీసే ఓపెనర్, స్క్రూడ్రైవర్, బ్యాటరీలు, బ్యాండ్ ఎయిడ్, జ్వరం మాత్రలు. ఆదివారం సాయంత్రం ఇల్లు ఖాళీ అయ్యాక కేర్‌టేకర్ ముందు ఈ డబ్బా చూసి, తరవాత చెంచాలు లెక్కపెట్టి, తగ్గినవి వాట్సాప్‌లో పెడుతుంది. సోమవారం నగరంలో పని మీద తిరిగేటప్పుడు అవి కొనుక్కుని, శుక్రవారం సరుకులతో పాటు పంపిస్తాను.