నైట్ షిఫ్ట్ మెడనొప్పి: నాకు పనిచేసిన క్రమం

24 గంటలూ నడిచే ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్‌లో నేను డిస్పాచర్‌ని, అంటే కాల్స్ అందుకుని సాయం పంపే పని. నైట్ షిఫ్ట్ సగానికి మెడ కుడివైపు పట్టేసేది, తెల్లారేసరికి తల తిప్పలేకపోయేదాన్ని. కొత్త కుర్చీ, నడుము దిండు, మానిటర్ల కింద స్టాండ్లు అన్నీ చూశాను, లాభం లేదు.

ఒకే డెస్క్ మీద మూడు షిఫ్టుల్లో ముగ్గురం కూర్చుంటాం. నాకంటే జానెడు పొడుగున్న మనిషి సర్దుకున్న ఎత్తులోనే నేనూ పనిచేస్తున్నానని చాలా ఆలస్యంగా గమనించాను.

ముందు కుర్చీని పాదాలు నేలకు పూర్తిగా ఆనేదాకా దించాను. ఆ తర్వాతే టేబుల్‌ని మోచేతుల ఎత్తుకు తెచ్చాను. ఇంతకుముందు టేబుల్‌కి తగ్గట్టు కుర్చీ పెంచేదాన్ని, కాళ్లు వేలాడేవి. ఆఖరున మానిటర్లు. కాల్ వివరాలు టైప్ చేసే స్క్రీన్‌ని సరిగ్గా ఎదురుగా, చేయి చాపినంత దూరంలో, పై అంచు కంటి మట్టానికి కాస్త కిందుగా పెట్టాను. మ్యాప్ కనిపించే స్క్రీన్ పక్కకు జరిగింది. అన్నాళ్లూ మధ్యలో మ్యాప్ ఉండేది, నేను షిఫ్టంతా కుడికి తిరిగి టైప్ చేసేదాన్ని! నా ఎత్తు గుర్తుకి టేబుల్ కాలి మీద నీలం టేపు ముక్క అంటించాను. ఇప్పుడు సర్దుకోవడానికి నిమిషం చాలు.

మూడు వారాల్లో నొప్పి చాలావరకు తగ్గింది. అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. టేబుల్ ఎత్తు మారకపోతే కుర్చీ పెంచి ఫుట్‌రెస్ట్ వేసుకోవాలి. బైఫోకల్ కళ్లద్దాలుంటే స్క్రీన్ ఇంకొంచెం దించాలి. చేతుల్లో తిమ్మిరి కూడా ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోండి.