ఒంటరిగా ఎత్తొద్దు: వేసవిలో పార్ట్ టైం కేర్ డ్యూటీకి చేరేవాళ్లకు జాగ్రత్తలు

గత వారం గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం కేర్ డ్యూటీకి, అంటే ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే పనికి వెళ్లిన ఒక డిగ్రీ అమ్మాయి, పక్షవాతం వచ్చిన పెద్దాయనను మంచం మీంచి ఒక్కతే లేపబోయింది. ఆయన భయపడి ఆ పిల్ల మెడ చుట్టూ చెయ్యి వేసేశారు. ఇద్దరూ కలిసి పడ్డారు. ఆయనకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేశారు. ఆ పిల్లకు నడుంలో డిస్క్ జారింది, కాసేపు కూర్చోవాలన్నా ఏడుస్తోంది. పెద్దాయన కోడలు అప్పుడు వంటింట్లోనే ఉంది. ఒక్క కేక వేస్తే వచ్చేది.

పరీక్షలయ్యాక సెలవుల్లో ఈ డ్యూటీలకు చేరే పిల్లలు చాలామంది. పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఇక్కడ అన్నట్టుండే ఫ్లాట్లు విజయవాడ పటమటలో, మొగల్రాజపురంలో, గుంటూరు లక్ష్మీపురంలో ఎన్నున్నాయో మీకు తెలుసు. పూటకు నాలుగు గంటలు, చదువు పాడవదు, చేతి ఖర్చులకు వస్తాయి. మంచి పనే, చేరండి. చేతులు కడుక్కోవడం, టైముకు మాత్రలివ్వడం లాంటివి నేను చెప్పక్కర్లేదు. బీపీ, షుగరు చూడటం డ్యూటీకి పంపే ఏజెన్సీవాళ్లే నేర్పుతారు. మనిషిని లేపడం మాత్రం చాలాచోట్ల ఎవరూ నేర్పరు. నాకు తెలిసి ఈ పనిలో నడుము పోగొట్టుకున్న ఆడవాళ్లందరిదీ ఒకటే కథ: "ఈ ఒక్కసారికీ నేనే లేపేస్తాలే" అనుకున్నారు.

ఒంటరిగా ఎత్తొద్దు

బలం ఉందని కాదు, తొందరై ఎత్తుతాం. ఆ తొందర తొంభై పాళ్లు బాత్రూందే. మామ్మగారు "అర్జంటమ్మా, పక్క తడిసిపోతుంది, కాస్త పట్టుకో" అంటారు. ఆవిడకు సిగ్గు, మనకు జాలి. అక్కడే దెబ్బ తింటాం.

అందుకని డ్యూటీ ఎక్కగానే మొదటి పని, మంచం పక్కన యూరిన్ పాట్ గానీ బెడ్ పాన్ గానీ కమోడ్ కుర్చీ గానీ ఉందా లేదా చూడటం. లేకపోతే ఆ రోజే తెప్పించమనండి. విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ ఆసుపత్రుల దగ్గరి సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ఒంట్లో నీరు తీసే మాత్ర వేస్తున్నారేమో అడగండి. మామూలుగా అది వేసిన గంటా రెండు గంటల్లో మూత్రం మొదలై, కొన్ని గంటలు వస్తూనే ఉంటుంది. ఆ టైము తెలిస్తే వాళ్లు అడగకముందే మీరు సిద్ధంగా ఉంటారు. పక్క తడిస్తే దుప్పటి మార్చుకోవచ్చు. విరిగిన తుంటి మళ్లీ మునుపటిలా కావడం కష్టం.

కాస్తో కూస్తో కాళ్ల మీద బరువు మోపగలిగేవాళ్లయితే ఎత్తక్కర్లేదు, వాళ్లే లేచేలా చూడాలి. ముందు మోకాళ్లు ముడిచి మీవైపు పక్కకు తిప్పండి. కాళ్లు మంచం దించండి. వాళ్ల చేత్తోనే పరుపును నొక్కి లేవమనండి, మీరు భుజం వెనక చెయ్యి ఆనించండి. పాదాలు నేలకు ఆనించి అలాగే రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. ఎండాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, పైన బీపీ మాత్ర ఉంటుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వీల్ ఛైర్ పక్షవాతం లేని వైపు ఉండాలి. బ్రేకులు వేసి, పాదాల పలకలు పైకి మడిచారో లేదో చేత్తో తాకి చూసుకోండి. పట్టుకోవాల్సింది నడుము దగ్గర. చంకల కింద చేతులేసి లాగొద్దు. చచ్చుబడిన చెయ్యి అసలు లాగొద్దు, భుజం కీలు జారిపోతుంది. మీ మెడ పట్టుకోనివ్వొద్దు.

కాళ్ల మీద బరువే మోపలేని మనిషైతే ఇద్దరు ఉండాల్సిందే. మంచం మీద పైకి జరపాలన్నా నడుం కింద మడతపెట్టిన దుప్పటి వేసి, చెరో అంచూ పట్టుకుని జరపాలి. రెండో మనిషి లేకపోతే వాచ్‌మన్ భార్యను పిలవండి, పక్క ఫ్లాటు బెల్లు కొట్టండి. ఆలస్యమైనా సరే, ఒంటరిగా ఎత్తొద్దు.

అమెరికా నుంచి కెమెరాలో చూసి "ఇంకా లేపలేదేంటి?" అని ఫోన్ చేస్తారు. "రెండో మనిషి వస్తేనే లేపుతానండీ" అని చెప్పండి. పనిలో చేరే రోజే ఈ మాట ఖాయం చేసుకోండి. దానికి ఒప్పుకోని ఇల్లు వద్దు.

రోహిణి కార్తెకు ముందే

మే నెలాఖరుకు రోళ్లు పగిలే ఎండలు వస్తాయి. ముసలివాళ్లకు దాహం సరిగా తెలియదు, అడిగితే ఇద్దామనుకోవద్దు. గంటకోసారి కాసిని తాగించండి. కానీ గుండె, కిడ్నీ జబ్బులుంటే రోజుకు ఎన్ని నీళ్లివ్వాలో డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. కిడ్నీ జబ్బున్నవాళ్లకు అడక్కుండా కొబ్బరిబొండం పట్టించొద్దు, అందులో పొటాషియం ఎక్కువ. కరెంటు పోతే ఎయిర్ బెడ్ దిగిపోతుంది, గాలి పోయిన పరుపు మీద వదిలేస్తే పుండ్లు పడతాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం మానొద్దు.

చెమటకు చేతులు జారతాయి, ఒళ్లూ జారుతుంది. పక్షవాతం వచ్చిన కాలికి నూనె మర్దనా చేసి, ఆ జిడ్డుతోనే బాత్రూంకు నడిపిస్తారు కొందరు. నూనె తుడిచి, అరికాళ్లు పొడిగా ఉన్నాయో లేదో చూశాకే నిలబెట్టండి. నేల మీద పౌడరు రాలినా అంతే.

పడిపోతుంటే, పడిపోతే

పడిపోయేవాళ్లను ఆపాలని చూడొద్దు, మీరూ పడతారు. ఒక కాలు ముందుకు వేసి, మీ కాలి మీదుగా నెమ్మదిగా నేలకు జార్చండి. తల మాత్రం కాపాడండి.

పడ్డాక వెంటనే లేపొద్దు. ఒక కాలు పొట్టిగా కనపడి, పాదం బయటికి తిరిగిపోయి ఉంటే తుంటి విరిగినట్టే అనుకోండి. కదపకుండా 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇవి కూడా:

చున్నీ వెనక్కి ముడేయండి, వీల్ ఛైర్ చక్రంలో పడుతుంది. గాజులు, ఉంగరాలు తీసేయండి, ముసలి చర్మం కాగితంలా చిరుగుతుంది.

యూరిన్ బ్యాగు నడుము కంటే కిందే ఉండాలి. లేపేముందు ట్యూబు ఎక్కడైనా చిక్కుకుందేమో చూడండి.

పడుకోబెట్టి అన్నం పెట్టొద్దు, నీళ్లు పట్టొద్దు. తిన్నాక అరగంట కూర్చోబెట్టండి. మింగుతూ దగ్గితే ఆపేయండి.

షుగరు పడిపోయిందనిపించినా, స్పృహ లేనివాళ్ల నోట్లో పంచదార కూడా వేయొద్దు.

వాడిన ఇన్సులిన్ సూదికి మూత పెట్టొద్దు, గట్టి డబ్బాలో వేయండి. హెపటైటిస్ బి టీకా వేయించుకోండి.

ఏటీఎం కార్డు తీసుకోవద్దు, పిన్ తెలుసుకోవద్దు. కాగితాల మీద సాక్షి సంతకం పెట్టొద్దు.

ఏ ఇంటికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో మీ అమ్మకు చెప్పి వెళ్లండి.

పెద్దవాళ్లను ఎవరైనా కొడుతున్నా, తిండి పెట్టకపోయినా పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి చెప్పండి.

నడుము పట్టేసిన రోజు స్ప్రే కొట్టుకుని డ్యూటీకి వెళ్లొద్దు. కాలు తిమ్మిరెక్కితే డాక్టరుకు చూపించండి. ఆ పూట జీతం పోతే పోనీండి.

లిఫ్ట్ ఆగినా, ఆ ఇంటి కొడుకు కోప్పడినా, మామ్మగారు ఏడ్చినా, ఒంటరిగా ఎత్తొద్దు.